పాత రంధ్రం, కొత్త తాళం: తలుపు చెడకుండా రంధ్రం పెద్దది చేసుకోవడం ఎలా?

ఖరీఫ్ అదును వచ్చిందంటే రైతు ఇంట్లో ఒక గదికి ఎక్కడలేని విలువ వస్తుంది. ఏడాదంతా విరిగిన నులకమంచం, చిరిగిన గోతాలు పడి ఉండే ఆ గదిలోకే విత్తనాల ప్యాకెట్లు, యూరియా, డీఏపీ బస్తాలు, పురుగుమందు డబ్బాలు చేరతాయి. అన్నీ అప్పు చేసి తెచ్చుకున్న సరుకే. ఆ గది తలుపుకు తాళం సరిగా పడకపోతే దొంగల భయం ఒకటి. అంతకన్నా పెద్దది ఇంట్లో పిల్లల భయం.

పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అది అన్నింటికన్నా విషపూరితమైనది. పసుపు ఉంటే దాని తర్వాతది, నీలం ఆ తర్వాతది, ఆకుపచ్చ ఆఖరుది. ఆకుపచ్చ కదా అని పిల్లల చేతికి అందేలా పెట్టడానికి వీల్లేదు, అదీ విషమే. ఈ మందులు తాళం వేసిన చోట, తిండిగింజలకు, పశువుల దాణాకు దూరంగా ఉండాలని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు. తాళం వేయాలంటే ముందు తాళం తలుపుకు పట్టాలి కదా! చిక్కు అక్కడే వస్తుంది. పాత తాళం చెడిపోతుంది. కొట్టుకు వెళ్ళి కొత్తది తెస్తాం. తీరా ఇంటికొచ్చి చూస్తే తలుపుకున్న రంధ్రం చిన్నది, తాళం పెద్దది.

ఈ తిప్పలు నేనూ పడ్డవాణ్ణే. నాలుగేళ్ళ కిందట జూన్‌లో మా స్టోరు గది నైట్ లాచ్ స్ప్రింగు విరిగింది. మండల కేంద్రంలో గుండ్రటి పిడి తాళం ఒకటి కొన్నాను. దాని పెట్టె మీద 54 మిల్లీమీటర్ల రంధ్రం కావాలని రాసి ఉంది. మా తలుపుకు ఉన్నది 32. 'ఎంతలే, చుట్టూ ఒక అంగుళం కూడా లేదు' అనుకున్నాను. వెల్డింగ్ షాపు కుర్రాడి దగ్గర డ్రిల్లింగ్ మిషన్, కప్పులా ఉండే రంపపు బిట్టు అడిగి తెచ్చాను. ఈ బిట్టునే కొట్లలో హోల్ సా అంటారు. దాన్ని పాత రంధ్రం మీద ఆనించి స్విచ్ నొక్కానో లేదో, బిట్టు తలుపు మీద గంతులేసింది. రెండు చేతులా పట్టుకున్నా ఆగలేదు. మణికట్టు మెలితిరిగింది. ఐదు నిమిషాల తర్వాత చూసుకుంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో తయారైంది. చుట్టూ గీతలు, లేచిన పెచ్చులు. తాళం రేకు పెట్టి చూస్తే ఒక పక్క వేలు దూరేంత సందు.

ఆ రాత్రి తలుపుకు తాడు కట్టి పడుకున్నాం. మర్నాడు పొద్దున మా అన్నయ్య మనవడు, మూడేళ్ళవాడు, ఆ తలుపు తోసుకుని లోపలికి పోయాడు. మందు డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తిప్పుతూ కూర్చుంటే మా ఆవిడ చూసి కేక పెట్టింది. మూత బిగుతుగా ఉంది గనుక సరిపోయింది. అప్పుడు పరిగెత్తాను వడ్రంగి దగ్గరికి.

ఆయన పెద్దాయన. రంధ్రం చూసి నవ్వలేదు, తిట్టనూ లేదు. "గుంతలో మట్టి లేకుండా గుంజ నిలబడుద్దా బాబూ?" అన్నాడు. ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది.

బిట్టు ఎందుకు గంతులేస్తుంది?

హోల్ సా బిట్టు మధ్యలో ఒక సన్నని బిట్టు ఉంటుంది. అది ముందుగా చెక్కలో దిగి గుంజలా నిలబడితే, దాని చుట్టూ రంపపు పళ్ళు గుండ్రంగా తిరుగుతాయి. కొత్తగా రంధ్రం పెట్టేటప్పుడు మధ్యలో చెక్క ఉంటుంది కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఇప్పటికే రంధ్రం ఉన్నచోట మధ్యలో ఉన్నది ఖాళీ. సన్న బిట్టు గాలిలో తిరుగుతుంది. రంపపు పళ్ళలో ఏదో ఒకటి ముందు చెక్కను పట్టుకుంటుంది, మిషన్ మొత్తం ఆ పక్కకు గుంజుకుపోతుంది. దెబ్బ తలుపుకే కాదు, చేతికీ తగులుతుంది. అందుకని పాత రంధ్రం పెద్దది చేయాలంటే, బిట్టుకు మధ్యలోనో చుట్టూనో ఏదో ఒక ఆధారం కల్పించాల్సిందే. ఇక మిగతాదంతా ఆ ఆధారం ఎలా కల్పించాలన్నదే.

ముందు కొలత, తర్వాతే కోత

మిషన్ పట్టుకునే ముందు తాళం పెట్టెలోని కాగితం తీసి చదవండి. అందులో మూడు కొలతలు ఉంటాయి. మొదటిది రంధ్రం వెడల్పు. గుండ్రటి పిడి తాళాలకు ఇది సాధారణంగా 54 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాల పైన అంగుళంలో ఎనిమిదో వంతు. రెండోది తలుపు అంచు నుంచి రంధ్రం మధ్య బిందువు దాకా ఉండే దూరం. ఇది 60 గానీ 70 గానీ ఉంటుంది. కొన్ని తాళాలను ఈ రెండిటికీ మార్చుకోవచ్చు. మూడోది తలుపు మందం. ఇంత నుంచి ఇంత మందం ఉన్న తలుపుకే పనికొస్తుందని రాసి ఉంటుంది. మన ఊళ్ళలో చవకగా బిగించే ఫ్లష్ డోర్లు 30 మిల్లీమీటర్లవి చాలా ఉన్నాయి. 35 నుంచి మొదలయ్యే తాళం తెచ్చి దానికి బిగిస్తే పిడి లొడలొడలాడుతుంది. కనుక కొట్టుకు వెళ్ళేటప్పుడే తలుపు మందం కొలిచి చీటీ మీద రాసుకుని వెళ్ళండి.

మనలో చాలామంది పొరపాటు పడేది రెండో కొలత దగ్గర. పాత రంధ్రం మధ్యలోనే కొత్త రంధ్రం మధ్య కూడా ఉంటుందని అనుకుంటాం. అలా ఉండాలని ఏమీ లేదు. నేను చేసిన రెండో తప్పు అదే. రంధ్రం చక్కగా గుండ్రంగా వచ్చి ఉన్నా ఆ తాళం పట్టేది కాదు, నాలుక అంచు దాకా సరైన దూరంలో ఉండేది కాదు అని పెద్దాయన కొలిచి చూపిస్తే గానీ నాకు తెలియలేదు.

ఉదాహరణకు మీ పాత రంధ్రం 32 మిల్లీమీటర్లు, దాని మధ్య బిందువు అంచుకు 45 దూరంలో ఉందనుకోండి. అంటే అది అంచు నుంచి 29 దగ్గర మొదలై 61 దగ్గర ముగుస్తుంది. కొత్త తాళానికి మధ్య 60, వెడల్పు 54. అంటే 33 దగ్గర మొదలై 87 దాకా పోతుంది. పాత రంధ్రంలో అంచు వైపు 4 మిల్లీమీటర్ల నెలవంక ముక్క కొత్త రంధ్రానికి బయట మిగిలిపోతుంది. దాన్ని చెక్కతో పూడ్చి ఉంచితే పైన తాళం రేకు కప్పేస్తుంది. పూడ్చకపోతే రేకు కింద బోలుగా ఉండి, స్క్రూ బిగించేకొద్దీ రేకు లోపలికి నొక్కుకుపోతుంది. తాళం రేకు రంధ్రం కన్నా ఎంత పెద్దదో కూడా అప్పుడే కొలిచి చూసుకోండి. మీ తప్పులను కప్పగలిగింది ఆ కాస్త రేకే.

పలకలు దిగేసిన పాత టేకు, వేప తలుపులకు ఇంకో లెక్క ఉంది. తాళం వచ్చే నిలువు చెక్క చాలా ఇళ్ళలో నాలుగు అంగుళాలే ఉంటుంది, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు. 60 దగ్గర మధ్య పెట్టి 54 రంధ్రం కొడితే లోపలి వైపు మిగిలేది 13 మిల్లీమీటర్లు. పలక కూర్చోవడానికి ఆ చెక్కకు లోపలి వైపు గాడి కొట్టి ఉంటుంది. ఆ గాడి లోతు తీసేస్తే మిగిలేదేమీ లేదు. ఇక 70 దగ్గర పెడితే మిగిలేది 3 మిల్లీమీటర్లే, పెన్సిలు మందం కూడా కాదు. అలాంటి తలుపుకు గుండ్రటి పిడి తాళం జోలికి పోవద్దని నా సలహా. తాతల నాటి టేకు తలుపును రెండు ముక్కలు చేసుకోవడం దేనికి? పైన బిగించే నైట్ లాచే మళ్ళీ తెచ్చుకోండి, రంధ్రం కాస్త సర్దితే సరిపోతుంది. అడ్డచెక్క, నిలువుచెక్క కలిసే అతుకు మీద కూడా రంధ్రం కొట్టకూడదు. లోపలున్న కుసి తెగిపోతే తలుపు జారుతుంది.

బిరడా పద్ధతి: అన్నిటికన్నా నమ్మకమైనది

పెద్దాయన నాకు చూపించింది ఇదే. పాత రంధ్రంలో సరిగ్గా పట్టే చెక్క బిరడా తయారుచేసుకోవాలి. బాగా ఎండిన వేప, టేకు ముక్క ఏదైనా పనికొస్తుంది. పచ్చి కొమ్మ వద్దు. ఎండాక కుంచించుకుపోయి ఊడి వస్తుంది. ఉలితో, కత్తితో గుండ్రంగా చెక్కి, ఒక చివర రవంత సన్నగా ఉంచండి. రంధ్రంలో పెట్టి సుత్తితో తడితే బిగుసుకుంటూ లోపలికి పోవాలి. మరీ బిగుతైతే బాదవద్దు, ఫ్లష్ డోరు పై పొర పగులుతుంది. బిరడాకు, రంధ్రం లోపల చెక్కజిగురు రాసి దిగగొట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. పొద్దున రెండు వైపులా పొడుచుకొచ్చిన భాగాన్ని రంపంతో తలుపుకు సమంగా కోసి, ఉప్పుకాగితంతో రుద్దండి.

ఇప్పుడు మీ తలుపుకు రంధ్రమే లేనట్టు లెక్క. తాళం పెట్టెలో వచ్చిన కాగితాన్ని తలుపు అంచు మీదుగా మడిచి పెట్టి, 60 దగ్గర మధ్య గుర్తు వేసి, మేకుతో చిన్న గుంట కొట్టండి. మధ్య బిందువు బిరడా మీద పడినా, కొంత బిరడా కొంత తలుపు మీద పడినా ఫరవాలేదు. సన్న బిట్టుకు పట్టు దొరికితే చాలు.

జిగురు ఆరడానికి ఒక రాత్రి ఆగడం చాలామందికి నచ్చదు. 'ఇప్పుడే కొట్టేస్తే పోలా' అంటారు. తడి జిగురు మీద కొడితే బిరడా బిట్టుతో పాటే గిరగిరా తిరుగుతుంది. ఒక రాత్రికి బయట గొళ్ళెం పెట్టి ఓ తాళం కప్ప తగిలించండి, ఆరనివ్వండి.

ఆగే వీలు లేనివారికి: చెక్క పలక దారి

కొత్త రంధ్రం సరిగ్గా పాతదాని చుట్టూనే వస్తోంది, లేదా పాతది పూర్తిగా కొత్తదాని లోపలే కలిసిపోతోంది అనుకోండి. అప్పుడు బిరడా లేకుండానే పని జరుపుకోవచ్చు. అరచేతికి రెండింతలుండే ప్లైవుడ్ ముక్క తీసుకోండి. మందం 12 మిల్లీమీటర్లయినా ఉండాలి. అదే 54 బిట్టుతో ఆ ముక్కకు ముందుగా రంధ్రం కొట్టండి. ఈ రంధ్రాన్ని తలుపు మీద మీరు వేసుకున్న గుర్తుకు సరిగ్గా సరిపెట్టి, తలుపు అంచు దగ్గర రెండు క్లాంపులతో గట్టిగా బిగించండి. ఇప్పుడు బిట్టు ఆ పలక రంధ్రంలో కూర్చుని తిరుగుతుంది, పక్కకు పోవడానికి దారి ఉండదు. ఇక్కడ ఆధారం మధ్యలో కాదు, చుట్టూ ఉందన్నమాట. క్లాంపులు లేవని చేత్తో పట్టుకునే ప్రయత్నం మాత్రం చేయకండి. పలక జారితే పళ్ళు వేళ్ళ మీదకే వస్తాయి.

పట్టణ వడ్రంగులు కొందరు ఒకే ఇరుసు మీద రెండు హోల్ సాలు ఎక్కిస్తారు. లోపలిది పాత రంధ్రానికి సరిపోయే సైజు, బయటిది కొత్త సైజు. లోపలిది పాత రంధ్రంలో దూరి మధ్యలో గుంజలా నిలబడుతుంది. పని చకచకా అయిపోతుంది. అయితే మధ్య బిందువు మారకూడదు, పాత రంధ్రం కొలత బిట్టు కొలతకు సరిగ్గా కుదరాలి. మనకు ఆ రెండూ కలిసి రావడం అరుదు.

పెంచాల్సింది నాలుగైదు మిల్లీమీటర్లే అయితే మిషనే వద్దు. కావాల్సిన వలయం పెన్సిల్‌తో గీసుకుని, అర్ధచంద్రపు ఆకురాయితో రాయండి. తలుపు బయటి నుంచి సగం, లోపలి నుంచి సగం రాయాలి. ఒకే వైపు నుంచి రాస్తే రంధ్రం గరాటులా తయారవుతుంది. కర్రకు ఉప్పుకాగితం చుట్టి ఆఖరున నునుపు చేయండి. నైట్ లాచ్ మార్చి నైట్ లాచే పెట్టుకునేవారికి చాలావరకు ఇది చాలు.

మిషన్ దొరకని చోట కూడా పని ఆగదు. వలయం గీతకు లోపలి వైపున చేతి బర్మాతో పక్కపక్కనే చిన్న చిన్న రంధ్రాలు వరసగా వేసి, మధ్య చెక్కను ఉలితో తీసేసి, మిగిలిన పళ్ళను ఆకురాయితో సరిచేయాలి. గంట పని కాస్తా మూడు గంటలవుతుంది. కానీ గీత దాటకుండా ఉంటే మిషన్ కొట్టినంత చక్కగానూ వస్తుంది.

కోసేటప్పుడు

భుజాన కండువా ఉంటే తీసి దండెం మీద వేయండి. లుంగీ చివర్లు పైకి దోపుకోండి. తిరిగే బిట్టుకు గుడ్డ చుట్టుకుందంటే మనిషిని లాగేస్తుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. ప్లగ్గు లేదని స్టార్టరు పెట్టె నుంచో, సాకెట్‌లో వైర్లు గుచ్చో కరెంటు తీసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ పని చేయవద్దు.

తలుపు కదలకుండా కింద రెండు వైపులా చెక్క మేకులు దిగగొట్టండి. పాత తలుపుల్లో తెగిన మేకులు, స్క్రూలు లోపలే ఉండిపోతాయి. రంధ్రం వచ్చే చోట ఒకసారి వెతికి తీసేయండి. లేకపోతే బిట్టు పళ్ళు రాలతాయి, అది అడిగి తెచ్చుకున్న బిట్టయితే మాట కూడా పడాలి.

మిషన్ నెమ్మదిగా తిప్పండి. వేగం తగ్గించే వీలుంటే తగ్గించుకోండి. బలంగా నొక్కకూడదు, పళ్ళే చెక్కను తింటూ పోవాలి. తుమ్మ, వేప తలుపులైతే పొగ వస్తుంది. పొగ వచ్చిందంటే బిట్టు వేడెక్కిందనీ, పళ్ళ మధ్య పొట్టు ఇరుక్కుందనీ అర్థం. బయటికి తీసి, పొట్టు దులిపి, కాస్త చల్లారాక మళ్ళీ పెట్టండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒకే వైపు నుంచి ఆ చివరి దాకా కోయకండి. బయటి వైపు నుంచి మొదలుపెట్టి, సన్న బిట్టు మొన అవతలి వైపు కనిపించగానే ఆపేయండి. తలుపు అవతలికి వెళ్ళి, ఆ మొన వచ్చిన చిన్న రంధ్రంలోనే సన్న బిట్టు పెట్టి రెండో సగం కోయండి. ఇలా చేస్తే రెండు వైపులా అంచు నున్నగా వస్తుంది. ఒకే పోటున కోస్తే బిట్టు బయటపడే వైపు అరచేయంత పెచ్చు లేస్తుంది. పలక పద్ధతిలో సన్న బిట్టుకు చెక్క ఉండదు గనుక, అవతలి వైపు కూడా కొలత వేసుకుని పలకను మళ్ళీ బిగించాలి. అక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా లోపల మెట్టులా ఏర్పడుతుంది. దాన్ని ఆకురాయితో తీసేయవచ్చు.

తర్వాత అంచు నుంచి నాలుకకు రంధ్రం. ఇది చిన్నది, 25 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, మీ కాగితం చూసుకోండి. పెద్ద రంధ్రం మధ్య బిందువు ఏ ఎత్తులో ఉందో సరిగ్గా అదే ఎత్తులో, తలుపు మందానికి నట్టనడుమ కొట్టాలి. మిషన్ వంకరగా పడితే నాలుక బిగుసుకుంటుంది. ఇంకో మనిషి పక్కన నిలబడి చూస్తూ 'ఎత్తు, దించు' అని చెబితే మంచిది.

ఇదంతా అయ్యాక తాళం వెంటనే బిగించకండి. కోసిన చోట పచ్చి చెక్క బయటపడి ఉంటుంది. వానాకాలం తేమంతా అక్కడి నుంచే లోపలికి దిగుతుంది, ఫ్లష్ డోరు అయితే ఉబ్బి పొరలు విడిపోతాయి. రంధ్రం లోపల వార్నిషో, ఇంట్లో మిగిలిన పెయింటో ఒక పూత వేసి ఆరాక బిగించండి.

గుమ్మం వైపు రేకు బిగించేటప్పుడు కాలం కూడా గుర్తుంచుకోవాలి. ఎండాకాలంలో కొలిచి సరిగ్గా బిగిస్తే, ఆగస్టు వానలకు తలుపు ఉబ్బి నాలుక గుంటలో పడదు. రేకు గుంటను రెండు మిల్లీమీటర్లు వదులుగా ఉంచండి. నాలుక మొనకు సుద్ద రాసి తలుపు మూస్తే గుమ్మం మీద ఎక్కడ తగులుతోందో మచ్చ పడుతుంది. అక్కడే గుంట తీయండి.

నాలాగా ఇప్పటికే పాడుచేసుకున్నవారికి

కోడిగుడ్డు రంధ్రాన్ని మళ్ళీ గుండ్రం చేయాలని చూస్తే ఇంకా పెద్దదవుతుంది. మా తలుపుకు పెద్దాయన ఆ రంధ్రం చుట్టూ చతురస్రంగా గీసి, ఆ ముక్క మొత్తం కోసి తీసేశాడు. అదే కొలతకు ఎండు టేకు ముక్క చెక్కి, జిగురుతో అతికి, మర్నాడు వచ్చి చిత్రిక పట్టి సాపు చేశాడు. ఆ తర్వాత 60 దగ్గర కొత్త రంధ్రం. రంగు వేశాక అతుకు కనిపించడం లేదు గానీ, వేలితో తడిమితే నాకు తెలుస్తుంది. కూలి మాత్రం తాళం ఖరీదంత అయింది.

మోటారు షెడ్డు ఇనుప తలుపుల సంగతి వేరు. రేకుకు బిరడా ఉండదు. రేకు రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కాస్త కాస్త పెంచుకోవచ్చు. ఎక్కువ పెంచాల్సి వస్తే రేకును హింసపెట్టకుండా, 3 మిల్లీమీటర్ల ఇనుప పలకకు సరైన రంధ్రం కొట్టించి పాత రంధ్రం మీద వెల్డింగ్ చేయించండి. తలుపుకూ బలం. అయినా పొలం మధ్య ఒంటరిగా ఉండే షెడ్డుకు గుండ్రటి పిడి తాళం పెట్టడం దండగ. గునపంతో రెండు దెబ్బలు వేస్తే పిడి ఊడి చేతికొస్తుంది. అక్కడికి మందపాటి అల్‌డ్రాప్, మంచి తాళం కప్ప, అవతలి నుంచి నట్లు బిగించిన బోల్టులు, ఇవే మేలు. పిడి తాళం ఇంట్లో మనుషుల మధ్య ఉండే గదికే.

పిడి తాళాల్లో చాలావాటికి లోపలి వైపు నొక్కే మీట ఉంటుంది. లోపలికి దూరిన పిల్లవాడు దాన్ని నొక్కి తలుపు మూశాడంటే తాళం చెవి లేకుండా బయటి నుంచి తెరవలేం. ఆ లోపల ఉన్నవేమో మందు డబ్బాలు. కొనేటప్పుడే తాళం చెవులు ఎన్ని ఇచ్చారో చూసుకుని, ఒకటి మీ మొలతాడుకో, ఇంటావిడ కొంగుకో ఉంచి, రెండోది పక్కింట్లో ఇచ్చి పెట్టండి. తాళం వేశాం కదా అని డబ్బాలను నేల మీద వదిలేయవద్దు, పై అరలోనే పెట్టండి.

బిగించాక తలుపు తెరిచి ఉంచే తాళం చెవి పదిసార్లు తిప్పి చూడండి. సాఫీగా తిరిగాకే తలుపు మూసి చూడాలి. మూశాక నాలుక పట్టేసి రాకపోతే మళ్ళీ తలుపు విరగ్గొట్టే పని పడుతుంది. స్క్రూలు వారం తర్వాత ఇంకోసారి బిగించండి, కొత్త బిరడా కాస్త సర్దుకుంటుంది. చెవి దూర్చే సందులో మాత్రం కొబ్బరినూనె, ఇంజన్ ఆయిలు పోయకండి. ఎరువుల గది దుమ్ము దానికి పట్టి జిగటగా గడ్డకడుతుంది. పిల్లల పెన్సిల్ ములుకు గీకి ఆ పొడిని చెవికి రాసి నాలుగుసార్లు తిప్పితే చాలు.